మంచం చివర చుట్టం

ఆ రోజు ఉదయం పరుపుల పెద్దాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దుకాణం కట్టేసేదాకా ఆవలించకూడదు. మామూలు మనిషికి ఇదొక పథకమే కాదు. కానీ పది నెలలుగా కుర్చీలో కూర్చుని నిద్రపోతున్న మనిషికి, అదీ పగలంతా పరుపుల మధ్య నిలబడి "ఒక్కసారి దీని మీద వాలారంటే లోకం గుర్తుండదండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాల్సిన మనిషికి, అది తలకు మించిన పనే.

ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్నది అదే ఉద్యోగం. దూది పరుపు, పీచు పరుపు, ఫోమ్ పరుపు, స్ప్రింగు పరుపు, ఏది ఎవరి నడుముకి సరిపోతుందో మనిషి గుమ్మం ఎక్కే తీరు చూసి చెప్పేస్తాడు. ఊళ్ళో సగం మంది ఆయన అమ్మిన పరుపుల మీదే గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. ఆయన మాత్రం ఇంట్లో కిటికీ పక్కన చెక్క కుర్చీలో మెడ ఒక పక్కకి వాల్చి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, తెల్లవార్లూ కునికిపాట్లు పడుతున్నాడు. పక్కగదిలో మంచం ఉంది. దాని మీద ఆయనే స్వయంగా ఎంచి తెచ్చుకున్న పరుపు ఉంది. ఆ గది తలుపు మాత్రం పది నెలలుగా దగ్గరగా వేసి ఉంది.

ఆయన భయం నిద్రంటే కాదు, మెలకువంటే. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆయనకొక బాధ ఉంది. నిద్రలోంచి ఉన్నట్టుండి మెలకువ వస్తుంది, కళ్ళు తెరుచుకుంటాయి, ఒళ్ళు మాత్రం లేవదు. చెయ్యి కదలదు, కాలు కదలదు, అరుద్దామంటే గొంతు పెగలదు. గుండెల మీద బస్తా దించినట్టు బరువు. మంచం చివర ఎవరో నిలబడి ఉంటారు. నల్లగా ఉంటారన్నంతవరకే ఆయనకు తెలుసు. అంతకుమించి చూసే ధైర్యం లేక ఆయన కళ్ళు గట్టిగా మూసేసుకునేవాడు.

పెళ్ళయిన కొత్తలో సిగ్గుపడుతూనే ఈ సంగతి భార్యకి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, భయపడనూ లేదు. "సంసారం అన్నాక చుట్టాలు రారేమిటి" అంది. అప్పటినుంచీ ఆ నల్లటి ఆకారానికి చుట్టం అనే పేరు స్థిరపడింది. పక్కన పడుకున్న ఆయన ఊపిరి మారితే చాలు, ఆవిడ నిద్రలోనే పసిగట్టేది. లేచేది కూడా కాదు. కాలు కొంచెం చాపి, తన బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఆయన కాలి చిటికెనవేలు పట్టుకుని నొక్కేది. "నేనే, లేవండి" అనేది. ఆ వేలు కదిలేది, వేలి వెంట ఒళ్ళంతా కదిలేది. ఆవిడ అటు తిరిగి పడుకునేది. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ, "రాత్రి మీ చుట్టం వచ్చాడు. మర్యాదలేవీ చెయ్యకుండా పంపించేశాను" అనేది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇలాగే గడిచిపోయాయి.

పది నెలల క్రితం ఆవిడ పోయింది. జ్వరమని ఆస్పత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. తర్వాత నాలుగు రోజులకి చుట్టం వచ్చాడు. వేలు నొక్కేవాళ్ళు లేరు కాబట్టి ఉండాలనుకున్నంతసేపు ఉన్నాడు. చచ్చిపోతున్నాననుకున్నాడు పెద్దాయన. అదైనా కొంత నయం. అంతకంటే ఆయన్ని కుదిపేసిన ఆలోచన ఇంకొకటుంది. ఆ నిలబడ్డది ఆవిడే అయితే? చూడాలంటే భయం. చూడకుండా ఉండాలంటే ప్రాణం ఒప్పుకోదు. ఎటూ తేల్చుకోలేక మర్నాటి నుంచి కుర్చీలోకి మారిపోయాడు. మంచానికి ఉన్నట్టు కుర్చీకి చివరంటూ ఉండదు కదా, ఇక ఎవరూ వచ్చి నిలబడరని ఆయన నమ్మకం. చుట్టం కుర్చీ దగ్గరికి కూడా వస్తూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

ఇక దుకాణం యజమాని గురించి చెప్పాలి. ఈయన పాత యజమాని కొడుకు. చిన్నప్పుడు ఈ పెద్దాయన భుజాలెక్కి పరుపుల గుట్టల మీదికి దూకినవాడే. అందుకని ఇప్పటికీ "బాబాయ్" అనే పిలుస్తాడు. మనసు మంచిదే కానీ తొందర జాస్తి. ముందు పని చేసేసి ఆలోచన తర్వాత తీరిగ్గా పెట్టుకుంటాడు.

"బాబాయ్, పదకొండింటికి నర్సుల హాస్టల్ మేట్రన్ గారొస్తున్నారు. నలభై పరుపులు కావాలట. ఇవాళ నీ గ్లాసు ఆట అదిరిపోవాలి" అన్నాడు షట్టరు ఎత్తుతూనే.

గ్లాసు ఆట అంటే పెద్ద విద్యేం కాదు. స్ప్రింగు పరుపుకి ఒక చివర గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, రెండో చివర పెద్దాయన కూర్చుని లేస్తాడు. నీళ్ళు తొణకవు. "చూశారా, పక్కన మనిషి ఉన్నదీ లేనిదీ కూడా మీకు తెలియదండీ" అంటాడు. పది నెలలుగా ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు కొంచెం బొంగురుపోతోంది. దగ్గు అనుకున్నారంతా.

మేట్రన్ సరిగ్గా పదకొండింటికే వచ్చింది. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న పొడుగాటి మనిషి. వస్తూనే పరుపు అంచు ఎత్తి కుట్లు చూసింది, మోచేత్తో మధ్యలో నొక్కింది, గుడ్డ వాసన చూసింది. పెద్దాయన గ్లాసు పెట్టి, కూర్చుని, లేచి, చెప్పాల్సింది చెప్పాడు.

"కూర్చుంటే ఏం తెలుస్తుందండీ? మా పిల్లలు పన్నెండు గంటలు నిలబడి వస్తారు. వాళ్ళు కూర్చోడానికి కొనడం లేదు నేను. పడుకుని చూపించండి" అందావిడ.

"పడుకోవడం మా దుకాణం పద్ధతి కాదు మేడమ్" అన్నాడు పెద్దాయన. నిజమే. అమ్మేవాడు పడుకుంటే కొనేవాడు లేచిపోతాడని పాత యజమాని పెట్టిన కట్టుబాటు అది.

"పద్ధతులదేముంది, మార్చుకుందాం. పడుకో బాబాయ్" అన్నాడు చిన్న యజమాని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.

ఇంక తప్పలేదు. చెప్పులు విడిచి, గ్లాసుకి దూరంగా, పరుపుని నొప్పించకూడదన్నట్టు మెల్లగా ఒరిగాడు. పది నెలల తర్వాత వీపుకి మెత్తన తగిలింది. "దీని స్ప్రింగులు విడివిడిగా..." అని మొదలుపెట్టాడు కానీ ఆ వాక్యం పూర్తి కాలేదు. బావిలో రాయి పడ్డట్టు నిద్రలోకి పడిపోయాడు.

మెలకువొచ్చేసరికి కళ్ళ ముందు దుకాణం పైకప్పు ఉంది. ఒళ్ళు లేదు. గుండెల మీద బరువుంది. ఎక్కడో పక్కన యజమాని గొంతు వినిపిస్తోంది.

"చూశారా మేడమ్? అయిదు నిమిషాలైంది. చిటికెనవేలైనా కదిలిందేమో మీరే చెప్పండి. గ్లాసులో నీళ్ళు చూడండి, అద్దంలా ఉన్నాయి."

"కళ్ళు తెరిచే ఉన్నాయేమిటి?"

"అదే మేడమ్ మా పరుపు గొప్ప. కళ్ళు తెరుచుకున్నా లేవబుద్ధి కాదు."

మేట్రన్ వంగి పెద్దాయన కళ్ళలోకి చూసింది. ఆయన కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అనబోయింది. ఇంతలో చేతిసంచిలో ఫోన్ మోగింది, హాస్టల్లో నీళ్ళు రావడం లేదని. "సరే, నలభై పంపించండి" అని ఫోన్‌లో ఎవరినో కేకలేస్తూ వెళ్ళిపోయింది. పట్టలేని ఆనందంతో యజమాని పెద్దాయన భుజమ్మీద ఒక్క చరుపు చరిచాడు. ఆ దెబ్బకి ఒళ్ళు తిరిగొచ్చింది. పెద్దాయన గిలగిల్లాడుతూ లేచాడు, గ్లాసు బోర్లాపడింది.

"బాబాయ్, ఇన్నేళ్ళూ ఈ విద్య ఎక్కడ దాచావు? కనురెప్ప కూడా ఆడించలేదే. నేనైతే నవ్వేసేవాణ్ణి."

అది విద్య కాదురా నాయనా, నా బాధ అని చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ ఆ మాట చెబితే రాత్రుళ్ళ సంగతి చెప్పాలి, కుర్చీ సంగతి చెప్పాలి, చిటికెనవేలి సంగతి చెప్పాలి. అరవై దగ్గరపడ్డ మగవాడు తన భార్య కాలివేలి గురించి యజమానికి ఏమని చెబుతాడు? "అలవాటే" అని ఊరుకున్నాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

మర్నాడు పొద్దున ఆయన వచ్చేసరికి వీధివైపు అద్దాల గదిలోంచి దిండ్ల గుట్టలన్నీ తీసేసి ఉన్నాయి. మధ్యలో మంచం, దాని మీద స్ప్రింగు పరుపు. పైన రంగు ఇంకా ఆరని బోర్డు: "కదలని నిద్ర. మీ కళ్ళతో మీరే చూడండి."

"పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా బాబాయ్. పడుకోవడమే పని. ఇంత సుఖమైన ఉద్యోగం ఎవడికుంటుంది చెప్పు?" అన్నాడు యజమాని.

పెద్దాయన ముఖంలో రక్తం లేదు. "ఏం, భయమా?" అని నవ్వాడు యజమాని. "నాకేం భయం" అన్నాడు పెద్దాయన. రెండోసారి కూడా నోరే ఆయన్ని ముంచింది.

అద్దాల గదికి వెనక ఒక పరదా ఉంది. పరదాకి ఇవతల కుట్టుమిషన్ ముందు కూర్చుని పరుపుల గలీబులు కుడుతుంది కుట్టావిడ. పన్నెండేళ్ళుగా అక్కడే కూర్చుంటోంది. అంచులు మందంగా ఉన్నచోట మిషన్ పక్కన పెట్టి దబ్బనం పట్టుకుంటుంది. మాట కూడా దబ్బనంలాగే సూటిగా ఉంటుంది. పెద్దాయన గుటకలు మింగడం చూసి, "అన్నయ్యగారూ, ఏంటి సంగతి? ఉరికంబం ఎక్కేవాడిలా ఉన్నారు" అంది.

ఎందుకో ఆవిడకి చెప్పేశాడు. చుట్టం గురించి, వేలి గురించి, కుర్చీ గురించి. చెబుతున్నంతసేపూ నేల మీద పడి ఉన్న గుడ్డముక్కల వైపే చూశాడు. ఆ నిలబడేది తన భార్యేమోనన్న అనుమానం కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు మాట రెండుసార్లు తెగింది.

కుట్టావిడ మిషన్ ఆపేసి విన్నది. "పది నెలలు కుర్చీలోనా. మెడ ఇంకా ఎలా నిలబడిందండీ మీకు" అని, మెల్లగా, "వదిన బంగారంలాంటి మనిషి" అంది. కళ్ళు తుడుచుకుని వెంటనే పనిలోకి దిగింది. ఏడుస్తూ కూర్చునే అలవాటు ఆవిడకి లేదు.

"ఇలా చేద్దాం. మీ కాలివేలికి పురికొస కడతాను. రెండో కొస పరదా కిందనుంచి తెచ్చి నా మిషన్ కాలికి కడతాను. పది నిమిషాలకోసారి నేను లాగుతా, మీరు తిరిగి లాగండి. లాగకపోతే మీ చుట్టం వచ్చాడనుకుని నేనొచ్చి లేపేస్తా. సరేనా?"

"ఏ వేలికమ్మా?"

"ఏ వేలికేంటి, చిటికెనవేలికే" అంది.

పదింటికి పెద్దాయన అద్దాల గదిలో పడుకున్నాడు. పాదాల మీద దుప్పటి కప్పుకుందామనుకున్నాడు కానీ కప్పితే పరుపు కనిపించదని యజమాని లాగేశాడు. పావుగంటలో అద్దం బయట పదిమంది చేరారు. అరగంటకి ముప్పైమంది అయ్యారు. పనులు మానుకుని మరీ ఒక మనిషి పడుకోవడాన్ని చూస్తున్నారు. జనానికి వేరే పని లేదనడం తప్పు, వాళ్ళకి చాలా పనులుంటాయి, అందుకే నిలబడతారు.

గొడవ కాలివేలి దగ్గర మొదలైంది. పది నిమిషాలకోసారి ఆ చిటికెనవేలు సరిగ్గా రెండుసార్లు కదులుతోంది.

"బొమ్మండీ. వేలికి తాడుంది చూడండి. వెనకనుంచి ఎవరో ఆడిస్తున్నారు" అన్నాడు గొడుగులు బాగుచేసే ఆయన.

"బొమ్మ ఊపిరి తీస్తుందా? పొట్ట చూడు" అంది ఎదురుగా పూల దుకాణం నడిపే ఆవిడ.

"ఈ రోజుల్లో ఊపిరి ఒక లెక్కా? గాలి పంపు పెడితే సరి."

జనం రెండుగా చీలిపోయారు, బొమ్మ పక్షం, మనిషి పక్షం. ఆ వాదన అద్దంలోంచి సన్నగా వినిపిస్తుంటే పెద్దాయనకి ధైర్యం వచ్చింది. ఇంత గోలలో నిద్రెక్కడ పడుతుందిలే అనుకున్నాడు.

పదకొండు దాటాక హాస్టల్ కోసం సిద్ధం చేసిన గలీబుల కొలతలు సరిచూడమని యజమాని కుట్టావిడని పై అంతస్తుకి పిలిచాడు. అయిదు నిమిషాల పనే కదా అని వెళ్ళింది. సరిగ్గా అప్పుడే వ్యాన్ డ్రైవర్ నలభయ్యో పరుపు చుట్టి, కట్టడానికి పురికొస చాలక వెతుక్కుంటూ మిషన్ దగ్గరికొచ్చాడు. ఆ దుకాణంలో కింద పడి ఉన్న పురికొస ఎవరి సొత్తూ కాదు, కంటపడ్డవాడు కోసుకుని మూట కట్టుకోవచ్చు. పాత యజమాని కాలం నుంచీ నడుస్తున్న అలవాటు. పరదా కిందనుంచి నిగనిగలాడే కొత్త పురికొస వస్తోంది. డ్రైవర్ సంతోషంగా లాగాడు.

లోపల పెద్దాయన తిరిగి లాగాడు. ఒప్పందం ప్రకారం.

ఎక్కడో చిక్కుకుందనుకుని డ్రైవర్ గట్టిగా లాగాడు. కుట్టావిడ కంగారు పడుతోందనుకుని పెద్దాయన ఇంకా గట్టిగా లాగాడు. బయట జనానికి కాలివేలు టపటపా కొట్టుకోవడం కనిపించింది. "మర చెడింది, నేను చెప్పలా" అన్నాడు గొడుగులాయన. నాలుగైదుసార్లు అటూ ఇటూ అయ్యాక డ్రైవర్ విసుగెత్తి, పరదా దగ్గరా మిషన్ కాలి దగ్గరా కత్తితో తెగ్గోసి, మధ్య ముక్క తీసుకుని, నలభయ్యో పరుపు కట్టుకుని వ్యాన్ ఎక్కించి వెళ్ళిపోయాడు.

పురికొస వదులైంది. ఆవిడ నెమ్మదించిందిలే అనుకుని పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. కాపలా ఉందన్న ధీమా చెడ్డది. ఒక్క నిమిషంలో నిద్ర ఆయన్ని లాగేసుకుంది.

మెలకువొచ్చింది. కళ్ళు తెరుచుకున్నాయి. చెయ్యి లేదు, కాలు లేదు, గొంతు లేదు. గుండెల మీద బస్తా దిగింది. మంచం చివర, పట్టపగలు, చుట్టం నిలబడి ఉన్నాడు.

కుట్టావిడ లాగుతుందని ఎదురుచూశాడు. లాగలేదు. అలవాటుగా కళ్ళు మూసుకోబోయాడు. అద్దం అవతల ముప్పై నలభై ముఖాలు ఆయన్నే చూస్తున్నాయి, అందులో ఒక్కరికీ ఈయన లోలోపల అరుస్తున్న సంగతి తెలియదు. ఇంతమందిలో కూడా ఇంతే అయితే ఇంక దాక్కుని ఏం లాభం అనిపించింది ఆయనకి. జీవితంలో మొదటిసారి కళ్ళు మూసుకోకుండా మంచం చివరికి చూశాడు.

నువ్వేనా, అని మనసులో అడిగాడు.

జవాబు లేదు. నువ్వైతే వేలు నొక్కు, అన్నాడు. ఎదురుచూశాడు. ఒళ్ళంతా చచ్చుబడి ఉన్నా ఆ చిటికెనవేలి మీదే ప్రాణమంతా పెట్టుకుని ఎదురుచూశాడు. ఎవరూ నొక్కలేదు. అప్పుడు తేరిపార చూశాడు. ఆ ఆకారానికి ముఖం లేదు, చేతులు లేవు, కాళ్ళు లేవు. ఈయన బతికున్నా పోయినా దానికి పట్టింపు ఉన్నట్టు కూడా లేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు నిద్రలో కూడా కనిపెట్టుకుని ఉన్న మనిషి ఎదురుగా నిలబడి ఆయన్ని ఇలా వదిలెయ్యదు. అది ఆవిడ కాదు. అది ఎవరూ కాదు. మంచం చివర ఏనాడూ ఎవరూ లేరు.

భయం పోయింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ భయాన్ని పట్టుకుని ఇన్నాళ్ళూ ఒక ఆశ వేలాడుతోందని ఆయనకి అప్పుడే తెలిసింది. రెండూ కలిసే పోయాయి. ఆవిడ ఆ గదిలో లేదు, ఇంట్లో లేదు, ఎక్కడా లేదు. ఆస్పత్రిలో చెప్పిన మాట పది నెలలు ఆలస్యంగా, పరుపుల దుకాణం అద్దాల గదిలో ఆయన చెవిన పడింది. కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి వెళ్ళాయి. తుడుచుకోడానికి చెయ్యి లేదు.

"బొమ్మ ఏడుస్తోందండోయ్" అన్నారెవరో బయట.

"లోపల నీళ్ళు కూడా పెట్టారన్నమాట. పనివాడు ఎవడో గానీ గట్టివాడే" అన్నాడు గొడుగులాయన. పూలావిడ మాత్రం చేతిలో ఉన్న పూలు కింద పెట్టేసింది.

కన్నీళ్ళు కదులుతున్నాయి, ఊపిరి ఆడుతోంది, ఇక వేలెందుకు కదలదు అనుకున్నాడు పెద్దాయన. ఆవిడ ఎక్కడ పట్టుకునేదో ఆ చోటు తలుచుకున్నాడు. ఎంత గట్టిగా నొక్కేదో తలుచుకున్నాడు. "నేనే, లేవండి" అని ఆవిడ గొంతుతో తనే చెప్పుకున్నాడు. చిటికెనవేలు కొద్దిగా కదిలింది. తర్వాత మడమ కదిలింది, మోకాలు కదిలింది, బస్తా దిగిపోయింది. లేవొచ్చు. కానీ ఎందుకు లేవాలో ఆయనకి తోచలేదు. ఆవిడ తిరిగినట్టే అటు తిరిగి, దిండు చెంప కింద పెట్టుకుని, పది నెలల్లో పట్టని నిద్రంతా ఒక్కసారే పోవడం మొదలుపెట్టాడు.

కుట్టావిడ కిందికి వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. పురికొస లాగబోయింది. మిషన్ కాలికి జానెడు తెగిన ముక్కే మిగిలి ఉంది. పరదా తోసుకుని లోపలికి పరుగెత్తింది. "అన్నయ్యగారూ" అని పిలిచింది, కుదిపింది, చిటికెనవేలు మెలిపెట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చెంపలు తడిగా ఉన్నాయి.

"అయ్యో, చుట్టం వచ్చి తీసుకుపోయాడు" అని అక్కడే కూలబడిపోయింది.

ఆ మాటతో యజమాని వచ్చాడు, చూశాడు, బావురుమన్నాడు. బయట మనిషి పక్షంవాళ్ళు గెలిచినా ఆ గెలుపు ఎవరికీ రుచించలేదు. అందరి కళ్ళూ పైనున్న బోర్డు మీదికి వెళ్ళాయి. కదలని నిద్ర, మీ కళ్ళతో మీరే చూడండి. అంత నిజం చెప్పిన బోర్డు ఆ వీధిలో ఇంకోటి లేదు. గొడుగులాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పూలావిడ ఒక గుత్తి తెచ్చి అద్దం కింద పెట్టింది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు, ఇంకొకరు. యజమాని గోడకి తలానించుకుని, "బాబాయ్ భయమేస్తోందని ముఖంతోనే చెప్పాడు, నేనే చూడలేదు" అంటూ ఏడుస్తూనే, డాక్టర్ నంబరేదీ గుర్తురాక మేట్రన్‌కి ఫోన్ చేశాడు.

హాస్టల్లో పరుపులు దించిన అదే వ్యాన్‌లో మేట్రన్ ఇద్దరు నర్సుల్ని వెంటేసుకుని వచ్చింది. జనాన్ని పక్కకి నెట్టి, పెద్దాయన మణికట్టు పట్టుకుని, గడియారం చూసుకుంది. వీధంతా నిశ్శబ్దంగా ఉంది.

ఆ నిశ్శబ్దంలో పెద్దాయన గుర్రు వినిపించింది.

"నిద్రపోతున్నాడు" అంది మేట్రన్.

"మరి కుదిపినా లేవలేదేంటి మేడమ్?" అన్నాడు యజమాని ముక్కు తుడుచుకుంటూ.

"నిద్రపోతున్నవాడు లేవకపోవడమే కదయ్యా నువ్వు బోర్డు మీద రాయించింది? ఎవరూ లేపకండి. ఆ పరదా వేసెయ్యండి."

గొడుగులాయన టోపీ పెట్టుకున్నాడు. పూలావిడ తన గుత్తి తను తీసుకెళ్ళిపోయింది. మిగతావాళ్ళవి మర్యాద కోసం అక్కడే ఉండిపోయాయి.

పెద్దాయన లేచేసరికి సాయంత్రం నీరెండ పడుతోంది. మంచం పక్కన కుర్చీ వేసుకుని కుట్టావిడ దబ్బనంతో అంచు కుడుతోంది. డ్యూటీ దిగి మళ్ళీ వచ్చిన మేట్రన్ స్టూలు మీద కూర్చుని ఉంది. సంగతంతా కుట్టావిడ ఆవిడకి చెప్పేసినట్టు ఇద్దరి ముఖాలూ చెబుతున్నాయి.

"ఇది చాలామందికి వచ్చేదేనండీ. మెదడు ముందు లేస్తుంది, ఒళ్ళు ఇంకా నిద్రలోనే ఉంటుంది. కాసేపటికి దానంతటదే పోతుంది, దాంతో ప్రాణం పోదు. నిద్ర సరిగా లేనివాళ్ళకి ఇంకా ఎక్కువగా వస్తుంది. మీరు దానికి భయపడి కుర్చీ ఎక్కారు, కుర్చీ ఎక్కి దాన్ని ఇంకా పిలుచుకున్నారు" అంది మేట్రన్. తర్వాత కొంచెం తగ్గి, "నిన్న మీ కళ్ళు చూడగానే అనుమానం వచ్చింది నాకు. చెప్పకుండా వెళ్ళిపోయాను. తప్పు నాదే" అంది.

"మంచం చివర ఎవరో కనిపిస్తారు కదమ్మా..."

"ఎవరూ ఉండరండీ. సగం కలలో మెదడు అల్లుకునే బొమ్మ, అంతే."

"తెలుసమ్మా, ఇవాళ చూశాను" అన్నాడు పెద్దాయన. దిండు సర్దుకుంటూ, "ఎవరూ లేరు" అన్నాడు.

"మరి ధైర్యం చెబుతుంటే ఏడుస్తారేంటి?" అంది మేట్రన్ తెల్లబోయి. కుట్టావిడ తన కొంగు చివర ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుని తిరిగి ఇచ్చేశాడు.

యజమాని గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. బోర్డు అప్పటికే దింపించేశాడు. "బాబాయ్, నన్ను తిట్టు. నాలుగు రోజులు ఇక్కడే పడుకో, పని మాట ఎత్తను. ఈ పరుపు నీ ఇష్టం" అన్నాడు.

"ఇక్కడెందుకురా. నాకు ఇంట్లో మంచం ఉంది" అన్నాడు పెద్దాయన. వేలికి ఇంకా వేలాడుతున్న పురికొస ముక్క విప్పి, చుట్టి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు.

ఇంటికెళ్ళి ఆ గది తలుపు తీశాడు. దుప్పటి దులిపాడు. కుర్చీని వంటింట్లో పెట్టాడు. మంచం మీద తన వైపు పడుకుని, అవతలి వైపు దిండు తియ్యకుండా అలాగే ఉంచాడు. ఆ రాత్రి ఏమీ రాలేదు, మర్నాడూ రాలేదు. దుకాణంలో మళ్ళీ గ్లాసు ఆట మొదలైంది. పక్కన మనిషి గురించిన ఆ ఒక్క మాట మాత్రం మానేశాడు. నీళ్ళు తొణకవు, చూడండి, అని ఊరుకుంటున్నాడు. అమ్మకాలేమీ తగ్గలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున చుట్టం వచ్చాడు. ముఖం లేదు, చేతులు లేవు, మంచం చివర ఎప్పటిలాగే నిలబడ్డాడు. పెద్దాయన కళ్ళు మూసుకోలేదు. ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ చూశాడు. వేలు కదిపితే చుట్టం వెళ్ళిపోతాడని తెలుసు, ఎలా కదపాలో కూడా ఇప్పుడు బాగా తెలుసు. అయినా వెంటనే కదపలేదు. ఎవరూ కాకపోయినా ఇన్నేళ్ళ చుట్టం, ఆవిణ్ణి ఎరిగినవాడు, రాగానే పంపించెయ్యడం మర్యాద కాదనిపించింది.